గిటారుకి గవిసెన కావాలి, భోషాణం కాదు

ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోకండి. ఎలక్ట్రిక్ గిటారో, బేస్ గిటారో కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకి చెక్కతో చేసిన బరువైన పెట్టె కొనివ్వడం మంచి పని కాదు. చూడడానికి అది జాగ్రత్తలాగే ఉంటుంది. కానీ మన ఇళ్ళలో చాలాసార్లు ఆ పెట్టే గిటారుని గడప దాటనివ్వదు. నేర్చుకునేవాళ్ళకి మొదట కావలసింది వీపుకి తగిలించుకోగలిగిన, లోపల మందంగా మెత్త ఉన్న, మెడని గట్టిగా పట్టుకునే ఒక మంచి సంచి. పెట్టె కొనడానికి కూడా సమయం వస్తుంది. అది ఎప్పుడో కింద చెప్తాను.

దుకాణంలో గిటారుతో పాటు ఊరికే ఇచ్చే పల్చటి సంచిని నేను సమర్థిస్తున్నానని కూడా అనుకోకండి. దాని మీద ఇంకా ఎక్కువ కోపం ఉంది. ఆ వంతు కూడా వస్తుంది.

ముందు మాటల సంగతి చూద్దాం. ఈ బ్లాగుకి వచ్చేవాళ్ళు అందుకే కదా వస్తారు.

"గిటారుకి కేసు కొన్నాం" అని ఫోన్లో అన్నప్పుడు మా అమ్మమ్మ కంగారు పడింది. "ఎవరి మీద కేసు? పోలీసులదాకా ఎందుకు వెళ్ళారు?" అంది. తెలుగులో కేసు అంటే కోర్టులోదో, ఆసుపత్రిలోదో. సంగీతానికి సంబంధించింది కాదు. మరి మనకి మాట లేదా? ఉంది, ఒకటి కాదు, చాలా ఉన్నాయి. కత్తికి ఒర. దిండుకి గలీబు. బాణాలకి అమ్ములపొది. పెళ్ళి చీరలకీ, ఇత్తడి గిన్నెలకీ భోషాణం. వీణలాంటి వాయిద్యానికి తొడిగే సంచికి ఒక అందమైన మాట పాత నిఘంటువుల్లో ఉంది: గవిసెన. ఇప్పుడు ఎవరూ వాడట్లేదు. నేను వాడతాను. మీరూ వాడండి.

ఈ మాటల్లోనే నా వాదన అంతా ఉంది. ఒర, అమ్ములపొది, గవిసెన, ఇవన్నీ వస్తువుతో పాటు బయటికి వెళ్ళేవి. యుద్ధానికి వెళ్ళేవాడు అమ్ములపొది వీపుకి కట్టుకుని వెళ్తాడు. భోషాణం మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. దాన్ని ఇంట్లో ఒక మూల పెడతారు, తాళం వేస్తారు, మీద దుప్పటి కప్పుతారు. మన పెద్దవాళ్ళు పిల్లల గిటారుకి కొనేది పేరుకి కేసు, పనికి భోషాణం.

ఇది ఊహించి చెప్పేది కాదు. మా పిన్నివాళ్ళు కూడా ఓక్‌విల్‌లోనే ఉంటారు. వాళ్ళ అమ్మాయికి 14 ఏళ్ళు. నాకు చెల్లి. బేస్ నేర్చుకుంటోంది, బాగా వాయిస్తుంది. ఆమెకీ, ఇంకో ముగ్గురికీ కలిపి ఒక చిన్న బ్యాండ్ ఉంది. శనివారం సాధన పోర్ట్ క్రెడిట్‌లో, ఒక స్నేహితురాలి బేస్‌మెంట్లో. ఓక్‌విల్ గో స్టేషన్ దాకా సిటీ బస్సు. అక్కడినించి లేక్‌షోర్ వెస్ట్ రైలు, క్లార్క్‌సన్ దాటితే పోర్ట్ క్రెడిట్. దిగాక పది నిమిషాల నడక. పెద్ద ప్రయాణం కాదు. కానీ బేస్ గిటారు సుమారు 4 కిలోలు. దానికి మా బాబాయి ప్రేమగా కొన్న చెక్క పెట్టె 5 కిలోల పైనే. ఒంటి చేత్తో పట్టుకునే పిడి ఒకటే ఉంది, భుజానికి పట్టీ లేదు. తొమ్మిది కిలోలు ఒక చేత్తో, మంచు మీద, పద్నాలుగేళ్ళ పిల్ల. పైగా దానిలో సగం కన్నా ఎక్కువ బరువు పెట్టెదే.

నవంబర్ నుంచి ఆమె సాధనకి వెళ్ళడం తగ్గించింది. "అక్కా, చెయ్యి లాగేస్తోంది" అంది. జనవరికి మానేసింది. బ్యాండ్‌వాళ్ళు ఇంకొకరిని వెతుక్కుంటున్నారు. బేస్ మాత్రం ఒక్క గీత లేకుండా, పెట్టెలో, మంచం కింద భద్రంగా ఉంది.

బాబాయితో ఈ మాట అంటే ఆయన, "నువ్వు ఊరుకోవే. అంత డబ్బు పోసి కొన్న వస్తువు, గుడ్డసంచిలో పెట్టి బస్సులో పంపిస్తామా? పగిలితే?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే సమాధానం కూడా న్యాయంగా చెప్పాలి. అసలు ఎలక్ట్రిక్ గిటారులో పగిలేది ఏమిటి?

మనకి వీణ మాటలు ఉన్నాయి కాబట్టి అవే వాడదాం. తీగలు బిగించేవి బిరడాలు. వేళ్ళు నొక్కే చోట అడ్డంగా ఉండేవి మెట్లు. బిరడాలు ఉండే చోటు తల. మెట్లు ఉండే పొడుగాటి భాగం మెడ. మిగిలింది ఒళ్ళు. మామూలు ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళు లోపల బోలుగా ఉండదు. దాదాపు నాలుగైదు సెంటీమీటర్ల మందమున్న చెక్క దిమ్మ. బస్సులో ఎవరి మోచెయ్యో తగిలితే దానికి ఏమీ కాదు. మహా అయితే రంగు గీసుకుపోతుంది. పగిలేది మెడ, అందులోనూ తల మొదలయ్యే చోట.

కొన్ని గిటార్లలో ఈ బలహీనత ఎక్కువ. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ తీసుకోండి. దాని తల వెనక్కి వాలి ఉంటుంది, 14 నుంచి 17 డిగ్రీల దాకా. మెడ మహాగని చెక్క. ఆ వంపులో చెక్క పోగులు పొట్టిగా తెగిపోతాయి. పైగా మెడలో ఉన్న ఇనుప కడ్డీని బిగించడానికి సరిగ్గా అక్కడే గుంట తవ్వుతారు. గిటారు వెల్లకిలా పడితే తల మీద దెబ్బ పడుతుంది, మెడ అక్కడ విరుగుతుంది. ఫెండర్‌వాళ్ళ 1951 ప్రెసిషన్ బేస్, 1954 స్ట్రాటోకాస్టర్ తీసుకోండి. వాటి తల వాలి ఉండదు, మెడ మేపుల్ చెక్క, ఒంటికి మరలతో బిగించి ఉంటుంది. అవి చాలా దెబ్బలు ఓర్చుకుంటాయి. ఒకవేళ మెడ పోయినా మరలు విప్పి ఇంకో మెడ వేయించుకోవచ్చు. గిబ్సన్ మెడ జిగురుతో అతికించి ఉంటుంది, అంత సులువు కాదు.

ఇప్పుడు అసలు విషయం. గట్టి పెట్టెలో ఉన్నా ఈ మెడ విరుగుతుంది. పెట్టె నిలబెట్టి ఉన్నప్పుడు వెనక్కి పడిపోయిందనుకోండి. పెట్టె నేల మీద ఆగిపోతుంది. లోపల గిటారు తల ఆగదు, బిరడాల బరువుతో ఇంకా వెనక్కి కదులుతుంది. మెడ కింద సరైన ఆసరా లేకపోతే, లేదా తల వెనక భాగం పెట్టె అడుగుకి తగులుతుంటే, పెట్టెకి గీత పడకుండానే లోపల మెడ విరుగుతుంది. అంటే కాపాడేది పెట్టె గోడ కాదు. మెడ కింద ఉండే మెత్తటి దిండు, తల వెనక వదిలిన ఖాళీ. ఈ రెండూ ఉంటే మంచి సంచి కూడా కాపాడుతుంది. ఈ రెండూ లేకపోతే బరువైన పెట్టె కూడా కాపాడదు. దుకాణంలో ఎవరూ ఈ మాట చెప్పరు. "ఇది గట్టిది సార్" అని పెట్టె మీద చేత్తో తట్టి చూపిస్తారు. చూడాల్సింది లోపల.

సరే, ఇప్పుడు ఊరికే వచ్చే సంచి సంగతి. ప్యాకేజీలో గిటారు, చిన్న స్పీకరు, పట్టీ, సంచి అన్నీ కలిపి ఇస్తారు కదా, ఆ సంచి. అది నైలాన్ గుడ్డ. లోపల మెత్త కాగితమంత మందం. అది దుమ్ము పడకుండా కప్పే దుప్పటి, అంతే. దాన్ని వీపుకి వేసుకుని ఊరంతా తిరగొచ్చు అని నమ్మించడం మోసం. పట్టీలు కుట్టిన చోట మొదటి చలికాలంలోనే దారాలు ఊడతాయి. అడుగున ఏ ఆసరా ఉండదు. గిటారు అడుగున పట్టీ తగిలించే ఇనుప గుండీ ఉంటుంది చూడండి, నేల మీద పెట్టిన ప్రతిసారీ గిటారు బరువంతా ఆ గుండీ మీదే పడి, కొన్నాళ్ళకి సంచికి చిల్లు పెడుతుంది. ఇలాంటి సంచిని చూసే మన పెద్దవాళ్ళు "సంచులన్నీ ఇంతే" అనుకుని ఒక్కసారిగా భోషాణానికి వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్నదాన్ని ఎవరూ చూడరు.

మధ్యలో ఉన్నది ఇదీ. మందమైన మెత్త ఉన్న సంచి, కనీసం 20 మిల్లీమీటర్ల ఫోమ్. బరువు సుమారు రెండు కిలోలు, మహా అయితే మూడు. మెడకి లోపల ఒక దిండు, దాని మీద బిగించే పట్టీ. అడుగున గుండీ దిగబడకుండా రబ్బరు దిమ్మ. వీపుకి రెండు వెడల్పాటి పట్టీలు. చేత్తో పట్టుకోవడానికి పక్కన ఒక పిడి, వెనక ఒక పిడి. వాన తట్టుకునే గుడ్డ, ఆగకుండా నడిచే జిప్పు. దీని ధర ఒక మామూలు చెక్క పెట్టె ధరకి అటూఇటూగానే ఉంటుంది. కాబట్టి ఇది పిసినారి మాట కాదు. అదే డబ్బు తెలివిగా పెట్టమంటున్నాను. ఇంకొకటి కూడా ఉంది: బయట గుడ్డ, లోపల గట్టి ఫోమ్‌తో చేసిన తేలిక పెట్టె. ఆకారం పెట్టెది, బరువు సంచిది. కారులో ఎక్కువగా తిరిగేవాళ్ళకి అదీ బాగుంటుంది.

"మరి చలి?" అంటారు. ఓక్‌విల్‌లో ఉంటూ చలి గురించి మాట్లాడకుండా ఎలా? జనవరిలో బయట సున్నాకి పది డిగ్రీలు కింద ఉన్న రోజున ఇంట్లో 21 ఉంటుంది. ముప్పై డిగ్రీల తేడా. గిటారుకి నిజమైన శత్రువు ఈ తేడానే, చలి ఒక్కటే కాదు. చల్లబడిన గిటారుని ఒక్కసారిగా వెచ్చటి గదిలో బయటికి తీస్తే తీగల మీద, లోహం మీద తేమ పడుతుంది. నైట్రో లక్క పూత ఉన్న పాత రకం గిటార్లకి పైన సన్నటి పగుళ్ళు వస్తాయి. దీనికి మందు డబ్బుతో కొనేది కాదు, ఓపిక. లోపలికి వచ్చాక సంచి జిప్పు తియ్యకుండా వదిలెయ్యాలి. కనీసం అరగంట, బాగా చలిగా ఉన్నరోజు గంట పైన. మెల్లగా దానంతట అదే వెచ్చబడుతుంది. మందమైన ఫోమ్ ఈ పని చక్కగా చేస్తుంది. పల్చటి సంచి చెయ్యలేదు. రాత్రంతా కారు డిక్కీలో వదిలేస్తే మాత్రం ఏ పెట్టె అయినా ఒకటే. పొద్దున్నకి లోపల, బయట అంతా ఒకే చలి.

ఇంకో సంగతి, చలికాలంలో ఇంట్లో హీటర్ నడుస్తుంటే గాలి ఎండిపోతుంది. గిటారుకి 45 నుంచి 55 శాతం తేమ హాయిగా ఉంటుంది. చలికాలంలో మన ఇళ్ళలో 30 కూడా ఉండకపోవచ్చు. చెక్క కుంచించుకుపోయి, మెట్ల చివర్లు బయటికి పొడుచుకొచ్చి వేళ్ళకి గీసుకుంటాయి. ఇక్కడ గట్టి పెట్టెకి నేను మార్కులు వేస్తాను. మూసి ఉంచితే లోపల తేమ నెమ్మదిగా మారుతుంది. కానీ ఆ పని గదిలో ఒక తేమ యంత్రం పెట్టినా జరుగుతుంది. ఆ యంత్రం మీ ముక్కుకీ, చర్మానికీ కూడా మంచిదే. దీనికోసం పిల్ల చేతికి 5 కిలోలు కట్టక్కర్లేదు.

మన వీణకి ఇబ్బంది వేరే రకం. దాని మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి, కాబట్టి వేడి దానికి శత్రువు. గిటారు మెట్లు చెక్కలోకి కొట్టి దించుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి వీణ తొలుస్తారు. అతుకు లేని ఏకాండి వీణ. అంత పెద్ద వీణకి, అంత బోలు ఒంటికి, దూర ప్రయాణంలో గట్టి పెట్టె కావాలంటే నేను వాదించను. ప్రతి వాయిద్యానికీ దాని ఒంటిని బట్టి, దాని ఊరిని బట్టి, దాని దారిని బట్టి తొడుగు ఉండాలి. ధరని బట్టి కాదు.

ధర గురించి ఒక మాట చాలామంది చెప్తారు: గిటారు ఎంత ఖరీదైతే పెట్టె అంత ఖరీదైనది కొనాలి అని. నేను దీన్ని తప్పంటాను. ఖరీదైన గిటారు ఇంట్లోనే గోడకి వేలాడుతుంటే దానికి పెట్టె ఎందుకు? చవక గిటారు రోజూ బస్సెక్కుతుంటే దానికి ఊరికే వచ్చిన సంచి ఎలా సరిపోతుంది? అడగాల్సిన ప్రశ్న "ఎంతకి కొన్నారు?" కాదు. "వారంలో ఎన్నిసార్లు, ఎలా, ఎవరు మోస్తారు?" అని. ఎవరు మోస్తారు అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. గిటారుని కొలిచి పెట్టె కొంటారు గానీ పిల్లని ఎవరూ కొలవరు.

పెట్టె ఎంత మంచిదైనా మనిషి మరుపుకి మందు కాదని కూడా గుర్తుపెట్టుకోండి. 1999లో న్యూయార్క్‌లో యో-యో మా తన చెల్లోని టాక్సీ డిక్కీలో పెట్టి దిగిపోయారు. 1733లో చేసిన వాయిద్యం, ఖరీదు లక్షల డాలర్లలో. అదృష్టం బాగుండి అదే రోజు దొరికింది. ఎంత గట్టి పెట్టె ఉన్నా అక్కడ చేసేదేముంది? వీపుకి ఉన్న సంచిని మాత్రం మర్చిపోయి దిగడం కష్టం.

ఇప్పుడు గట్టి పెట్టె ఎప్పుడు కావాలో చెప్తానన్నాను. విమానానికి కావాలి. సామాన్లలో వేస్తే, తప్పకుండా కావాలి. ఈ విషయంలో కెనడావాళ్ళకి ఒక ప్రసిద్ధ పాఠం ఉంది. 2008లో హాలిఫాక్స్ గాయకుడు డేవ్ కారల్ షికాగో మీదుగా ఒమాహా వెళ్తుంటే ఆయన టేలర్ గిటారు విరిగింది. పరిహారం కోసం నెలల తరబడి తిరిగి, చివరికి 2009లో ఆ విమాన సంస్థ మీద ఒక పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టారు. ప్రపంచమంతా చూసింది. ఆ పాటలోని నవ్వు పక్కన పెడితే, దానిలో ఉన్న సంగతి ఒకటే: సామాన్లలో వేసిన గిటారు ఇంక మీ చేతిలో ఉండదు.

అందుకే చట్టాలు తెలుసుకోండి. అమెరికాలో 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే గిటారులాంటి చిన్న వాయిద్యాన్ని లోపలికి తీసుకెళ్ళనివ్వాలి. కెనడాలో 2019లో వచ్చిన విమాన ప్రయాణికుల రక్షణ నిబంధనల ప్రకారం, వాయిద్యాల గురించి తమ షరతులేమిటో ప్రతి విమాన సంస్థా రాసి పెట్టాలి. కాబట్టి టికెట్ కొనేముందే ఆ షరతులు చదవండి. గిటారు పొడుగు సుమారు 100 సెంటీమీటర్లు, సంచిలో ఉంటే పైన అరలో పడుతుంది చాలాసార్లు. పెట్టెలో ఉంటే కష్టం. బేస్ పొడుగు 115 పైనే, దానికి ఆశ తక్కువ. అప్పుడు గట్టి పెట్టె కావాలి. తీగలు కొంచెం వదులు చేసి, తల చుట్టూ, తల వెనకా మెత్తటి గుడ్డలు కుక్కి, లోపల ఏదీ కదలకుండా చేసి ఇవ్వండి. టొరంటో నుంచి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు మధ్యలో విమానం మారాలి. మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుతారు, దించుతారు.

మరి ఇలాంటి ప్రయాణం మన పిల్లలు ఎన్నిసార్లు చేస్తారు? రెండేళ్ళకోసారి అమ్మమ్మ దగ్గరికి. సాధనకి? ఏడాదికి యాభై శనివారాలు. ఆ ఒక్క ప్రయాణం కోసం యాభై శనివారాలు వదులుకోవడం ఏం లెక్క? ఆ ఒక్కసారికి పెట్టె ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. మన తెలుగువాళ్ళలో పెళ్ళికి నగలు అడిగి తెచ్చుకోవడం ఉంది, పెట్టె అడగడానికి సిగ్గెందుకు? ఇంకా వ్యాన్‌లో స్పీకర్ల కింద పడేసేవాళ్ళకీ, ఏళ్ళ తరబడి దాచేవాళ్ళకీ కూడా గట్టి పెట్టె కావాలి. వాళ్ళతో నాకు తగువు లేదు.

నా తగువు మన జాగ్రత్తతో. మన ఇళ్ళు ఒకసారి చూడండి. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు. సోఫాకి కవరు, ఆ కవరుకి ఇంకో దుప్పటి. మంచి పింగాణీ పళ్ళేలు అద్దాల బీరువాలో, మనం తినేది పాత స్టీలు కంచంలో. పట్టుచీర బీరువాలో మడతల దగ్గర చిరిగిపోతుంది గానీ కట్టుకోరు. నేను వెక్కిరించడం లేదు. కష్టపడి సంపాదించుకున్న వస్తువు మీద భయం ఉంటుంది. దేశం కాని దేశానికి రెండు సూట్‌కేసులతో వచ్చినవాళ్ళకి ఆ భయం ఇంకా ఎక్కువ ఉంటుంది. అది నాకు అర్థమవుతుంది. కానీ కుర్చీని కాపాడే పద్ధతిలో సంగీతాన్ని కాపాడలేం. కుర్చీ వాడకపోతే కొత్తగా ఉంటుంది. సంగీతం వాడకపోతే పోతుంది.

ఇదే జాగ్రత్త మన భాషకి కూడా జరిగింది, మీకు తెలుసు. చాలామంది ఇళ్ళలో తెలుగుని ఉగాదికీ, గుడికీ, అమ్మమ్మ ఫోనుకీ దాచిపెట్టారు. పిల్లలు తప్పు మాట్లాడితే భాష పాడవుతుందని మాట్లాడనివ్వలేదు, లేదా నవ్వారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు. కానీ మనం ఇప్పుడు ఈ వయసులో గుణింతాలు దిద్దుతున్నామంటే కారణం అదే. గీతలు పడ్డ తెలుగుతో బజారుకి వెళ్ళడం, గీత లేని తెలుగుని బీరువాలో పెట్టడం, ఈ రెండిట్లో ఏది కావాలని నన్నడిగితే నా జవాబు ఈ బ్లాగే.

"ఎలక్ట్రిక్ గిటారు మనది కాదు కదా, దీనికింత గొడవెందుకు?" అనేవాళ్ళకి కూడా ఒక మాట. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వాయించారు. జంట తీగలకి బదులు ఐదు ఒంటి తీగలు పెట్టుకుని గమకాలు పలికించారు. అప్పుడు కూడా ఇది మనది కాదు అన్నవాళ్ళు ఉన్నారు. తర్వాత ఆ వాయిద్యమే ఆయన ఇంటిపేరైపోయింది, మాండొలిన్ శ్రీనివాస్ అయ్యారు. ఆ వాయిద్యం దేశదేశాలు తిరిగింది. తిరిగింది కాబట్టే మనదైంది.

కొనబోతున్నవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి ఆపేస్తాను.

గిటారుని దుకాణానికి తీసుకెళ్ళండి. పేరు చూసి, బొమ్మ చూసి కొనకండి. స్ట్రాట్ ఆకారానికి పట్టేది లెస్ పాల్‌కి వదులుగా ఉంటుంది. రెక్కల్లా ఉండే ఫ్లయింగ్ వీ లాంటివి మామూలు వాటిలో పట్టనే పట్టవు. గిటారు సంచిలో బేస్ పట్టదు, బేస్ సంచిలో గిటారు ఊగుతుంది. రెండూ తప్పే.

లోపల పెట్టి చెయ్యి దూర్చి చూడండి. మెడ కింద ఆసరా ఉందా? తల వెనక వేలు దూరే ఖాళీ ఉందా? తల దేనికైనా తగులుతుంటే దాన్ని అక్కడే వదిలేసి రండి.

వీపుకి తగిలించి నడిపించండి, మీరు కాదు, మోసే మనిషి. బేస్ తల మనిషి తలకన్నా పైకి వస్తుంది. బస్సు తలుపు, రైలు తలుపు, బేస్‌మెంట్ మెట్లు, ఇవన్నీ తగిలే చోట్లే. తలుపు దగ్గర మోకాళ్ళు వంచడం నేర్పించండి. అది ఏ పెట్టెకన్నా మంచి రక్షణ.

చివరిగా, ఇప్పటికే భోషాణం కొనేసినవాళ్ళు దాన్ని పారెయ్యక్కర్లేదు. విమానం రోజుకి పనికొస్తుంది. కానీ ఈ శనివారం లోపల ఒక గవిసెన కొనండి. మీ పిల్ల దాన్ని వీపుకి తగిలించుకుని బయటికి వెళ్ళేటప్పుడు "జాగ్రత్త" అనకండి. ఆ మాట ఇప్పటికే చాలాసార్లు విన్నది. "బాగా వాయించు" అనండి. తెలుగులోనే అనండి.